పంతులుగారి పంచె ఎగరలేదు

ముందు వరుసలో వాళ్లు అప్పటికే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. మూడోసారి ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే "ష్" అంది. అయినా మేష్టారు ఆపలేదు. కడుపు పట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతున్నారు. తెర మీద పడవ మునిగిపోతోంది. హాలంతా ముక్కులు చీదుకుంటున్నారు. నా పక్కన ఈయనేమో ఒకటే నవ్వు.

"తర్వాతేంటమ్మాయ్? చెప్పు, చెప్పు!" అని నా మోచెయ్యి కుదిపారు.

"తర్వాతా... పంచె పోయి కొబ్బరిచెట్టుకి తగులుకుందండి. పంతులుగారు కింద నిలబడి చెట్టుకి దణ్ణం పెడుతున్నారండి," అన్నాను ఆయన చెవిలో.

తెర మీద పంతులుగారు లేరు. పంచె లేదు. కొబ్బరిచెట్టు మాత్రం ఒకటుంది, దూరంగా, వానలో. నేను చెప్పినదాంట్లో అదొక్కటే నిజం.

ఎందుకలా చెప్పానో చెప్పాలంటే ముందు మేష్టారెవరో చెప్పాలి.

రాజమండ్రిలో నాదొక చిన్న టైలరింగు షాపు. బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు, ఫాల్, పీకో. పదో తరగతి పాసై, ఇంటర్లో చేరి, రెండు నెలలకే మానేసి మిషను మీద కూర్చున్నాను. ఇప్పటికీ దాని మీదే ఉన్నాను. షాపు పైవాటాలో మేష్టారు, ఆయన భార్య ఉంటారు. ఆవిడని నేను పిన్నిగారు అంటాను. మేష్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. సుగరు వల్ల చూపు పోయింది. మొత్తం చీకటని కాదు, వెలుతురూ నీడా తెలుస్తాయి. ఎదురుగా ఏదో కదిలిందని తెలుస్తుంది కానీ అది మనిషో గేదో తెలియదు.

ఆయన వయసులో ఉండగా ఒక పిల్లల వారపత్రికకి బొమ్మల కథ వేసేవారు. వారానికి రెండు పేజీలు. అందులో హీరో తువ్వాలు మావయ్య. గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు చింపే మనిషి. గెడకర్రలా సన్నగా ఉంటాడు. జేబు బనీను, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, ఎడమ భుజమ్మీద ఎర్ర తువ్వాలు. ఆ తువ్వాలు తీసి ఒక్క ఊపు ఊపాడంటే గాలి వస్తుంది. ఇసుకలో కూరుకున్న పంటు కదులుతుంది, కళ్లం మీదికి వచ్చిన మబ్బు పక్క ఊరికి పోతుంది. అయితే ఆ గాలి వట్టి చేతుల్తో పోదు. ఏదో ఒకటి ఎగరేసుకుపోతుంది. పంతులుగారి పంచె, హెడ్మాస్టరుగారి విగ్గు, పెళ్లి భోజనాల్లో అప్పడాలు. ప్రతివారం ఆఖరి బొమ్మలో తువ్వాలు మావయ్య ఎవరి సామాను వాళ్లకి తిరిగిచ్చి తిట్లు తింటూ ఉంటాడు.

ఆ కథలన్నీ మేష్టారు బైండు చేయించి ఉంచుకున్నారు. మధ్యాహ్నం కరెంటు పోతే నేను పైకెళ్లి ఆయనకి చదివేదాన్ని. చదవడమంటే ఏముంది, బొమ్మ చూసి బొమ్మలో ఉన్నది చెప్పడమే. ఆయనకి అదంతా నోటికి వచ్చు. "కాదమ్మాయ్, గేదె తోక ఎడమపక్కకి తిరిగుంటుంది, సరిగ్గా చూడు," అనేవారు. చూస్తే ఎడమపక్కకే ఉండేది. "మీకు గుర్తున్నప్పుడు నన్నెందుకండీ చెప్పమంటారు?" అంటే, "నాకు గుర్తున్నది వేరు, నువ్వు చెప్తుంటే వినడం వేరు," అనేవారు. పిన్నిగారు వంటింట్లోంచి, "ఇన్నేళ్లలో నా మొహం ఒక్కసారి గీయలేదు ఈయన. ఆ గేదెకి మాత్రం తోక దగ్గర్నుంచి లెక్క," అనేవారు.

ఇలా ఉండగా ఒకరోజు ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. తువ్వాలు మావయ్య కథని సినిమా తీస్తామన్నారు. థియేటర్లో ఆడేది కాదు, ఫోన్లో టీవీలో చూసుకునేది, గంటంపావు సినిమా. వాళ్లలో డైరెక్టరు అబ్బాయిది గోదావరి మధ్యలో ఒక లంక ఊరు. మేష్టారి కాళ్లకి దణ్ణం పెట్టి, ఆ బైండు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో. "తీసుకోండి నాయనా, మీ ఇష్టం," అన్నారు మేష్టారు. అంతే, నోటిమాట. కాయితం గీయితం ఏమీ లేదు.

బట్టలు కుట్టే పని నాకు ఇచ్చారు. సినిమాకి కుట్టడం నాకు అదే మొదటిసారి. మా వీధి మొత్తానికి చెప్పుకున్నాను. డైరెక్టరు అబ్బాయి, "అక్కా, పుస్తకంలో ఎలా ఉందో దారప్పోగుతో సహా అలాగే ఉండాలి," అన్నాడు. సరే అని నేను పుస్తకం ముందు పెట్టుకుని, బొమ్మ మీద టేపు పెట్టి మరీ కొలిచాను.

ఆ బొమ్మల్లో ఒక విచిత్రం ఉంది. రంగులు రెండే, నలుపూ ఎరుపూ. తువ్వాలుకి కుడి అంచున సన్నగా తెల్ల పట్టీ ఉంది. బనీనుకి ఎడమ చంక కింద నిలువుగా ఎర్ర పట్టీ ఉంది. ప్రతి బొమ్మలోనూ ఉంది. డిజైను కాబోలనుకున్నాను. తెల్ల పట్టీ వేసి తువ్వాలు కుట్టాను. ఎర్ర పాప్లిన్ గుడ్డ ముక్క కోసి, మడతపెట్టి, ఇస్త్రీ చేసి, బనీనుకి ఎడమపక్క మాత్రమే పట్టీ వేశాను. ఎంత బాగా వచ్చిందంటే నాకే ముద్దొచ్చింది. పట్టుకెళ్లి మేష్టారి చేతిలో పెట్టాను.

ఆయన వేళ్లతో తడిమి తడిమి, "ఇదేంటమ్మాయ్, ఈ కుట్టు?" అన్నారు.

"ఎర్ర పట్టీ అండి. మీ బొమ్మలో ఉందిగా."

"నా బొమ్మలోనా?"

"ఆయ్. అన్నిట్లోనూ ఉందండి. తువ్వాలుకి తెల్ల పట్టీ కూడా వేశాను."

మేష్టారు ఆ పట్టీ పొడుగునా ఇంకోసారి వేలు నడిపారు. తర్వాత మొదలైంది నవ్వు. పిన్నిగారు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చారు ఏమైందోనని.

"ఓసి పిచ్చిదానా! అది నేను వెయ్యలేదే! ప్రెస్సులో నలుపు ఒకసారి, ఎరుపు ఒకసారి కొడతారు. వాడి చేతిలో ఎరుపు ఎప్పుడూ ఎడమపక్కకి జరిగేది. తువ్వాలు మీద పడాల్సిన ఎరుపు పోయి బనీను మీద పడేది. ఎన్ని ఉత్తరాలు రాశాననుకున్నావ్ ఆ ఎడిటరుగారికి!"

నా మొహం మాడిపోయింది. ప్రెస్సువాడి తప్పుని నేను కొలతపెట్టి, ఇస్త్రీ చేసి మరీ కుట్టాను. విప్పేద్దామని బ్లేడు తీస్తుంటే డైరెక్టరు అబ్బాయి వచ్చాడు. సంగతి విని బనీను లాక్కున్నాడు.

"వద్దక్కా, ముట్టుకోకండి! మేం చిన్నప్పుడు చూసిన తువ్వాలు మావయ్య ఇలాగే ఉండేవాడు. ఈ ఎర్రచార లేకపోతే వాడు వాడే కాడు."

"అది తప్పు కదండీ. మేష్టారు వెయ్యలేదంటున్నారుగా."

"మేం చూసింది మేష్టారు వేసింది కాదక్కా, ప్రెస్సులోంచి వచ్చింది."

మేష్టారు, "ఉండనీలే, వాడికి ఎలా తెలిస్తే అలాగ," అన్నారు. నాకు ఆ రోజు నుంచే బుర్ర తిరగడం మొదలైంది. బొమ్మ వేసినాయన తను వెయ్యలేదన్న పట్టీ ఉంచుకోవాలిట. అసలు ఉన్నదున్నట్టు అంటే ఏ ఉన్నది?

ఇంకో వారానికి హీరో వేషం వేసే అతన్ని తీసుకుని ట్రయలుకి వచ్చారు. అతను బనీను వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే నేను ఊరుకోలేక అడిగాను.

"ఏమండీ డైరెక్టరుగారూ, పంతులుగారి పంచె ఎప్పుడు ఎగురుద్ది మీ సినిమాలో?"

"పంచె లేదక్కా."

"పోనీ విగ్గు?"

"విగ్గూ లేదు. మాది టోన్ వేరక్కా."

"టోను అంటేనండీ?"

"అంటే... అదే మనిషి, అదే గోదారి, అదే తువ్వాలు. కానీ నవ్వించడం ఉండదు."

"నవ్వించకపోతే అదే కథ ఎలా అవుద్దండి? బ్లౌజు కొలతలు తీసుకుని పరికిణీ కుట్టిస్తే మా కస్టమర్లు ఊరుకుంటారా?"

హీరో అతను కిసుక్కున నవ్వాడు. డైరెక్టరు అబ్బాయి మాత్రం నవ్వలేదు. బల్ల మీద పడున్న కత్తిరింపు ముక్కలు వేలికి చుట్టుకుంటూ చెప్పాడు.

"చిన్నప్పుడు మా ఊళ్లో వరదొచ్చినప్పుడల్లా నేను మా తాత తువ్వాలు పట్టుకుని గట్టు మీదికి వెళ్లేవాణ్నక్కా. పడవలు ఇటు రావాలని ఊపేవాణ్ని. పుస్తకంలో వస్తుంది కదా గాలి, అలా వస్తుందని. ఒక్కసారీ రాలేదు. ఒకసారి మా మేనత్త ఉన్న పడవ బ్రిడ్జి స్తంభానికి కొట్టుకుంది. ఆవిడ దొరికిందిలెండి, బతికింది. కానీ నేను ఊపుతూనే ఉన్నాను ఆ రోజు. చెయ్యి పడిపోయేదాకా."

నేను టేపు తీసుకుని లేచాను. "చంక దగ్గర బిగుతుగా ఉందేమో చూసుకోండి," అన్నాను హీరోతో.

తర్వాత వాళ్లు ఏడాదిపైగా తీశారు. లంకల్లో, వానలో, అప్పులు చేసి, ఒకడు ఉద్యోగం కూడా మానేశాడు. సినిమా అయ్యాక దాన్ని కొనుక్కునే కంపెనీవాళ్లు కాయితం అడిగారుట. బొమ్మలు వేసినాయన సంతకం ఉంటేనే తీసుకుంటామని. సంతకం లేకపోతే సినిమా బయటికి రాదు.

కుర్రాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చారు. మేష్టారు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజూ పెంచలేదు. "నాకు చూపించండి. నా తువ్వాలు మావయ్యే అయితే పెడతాను. కాకపోతే పెట్టను. వాడొక్కడే నాయనా నేను చేసింది. మిగతావన్నీ పిల్లల చేత వేయించిన మామిడిపళ్లూ, కుండలూను," అన్నారు.

చూపించండి అన్నారు కానీ ఆయనకి కనిపించదు. డైరెక్టరు అబ్బాయి నా వైపు చూశాడు. మేష్టారూ నా వైపుకే తిరిగారు. "మా అమ్మాయి పక్కన కూర్చుని చెప్తుందిలే. దానికి నా బొమ్మలు అలవాటే," అన్నారు. నేను పొంగిపోయి, "అలాగేనండి," అన్నాను. ఆ పొంగిపోవడమే నా కొంప ముంచింది.

ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద హాల్లో, ఆదివారం మధ్యాహ్నం వేశారు సినిమా. కిటికీలకి దుప్పట్లు కట్టారు. సౌండు బాక్సులు ఒకటి గురగుర, ఒకటి మౌనం. యాభై మంది దాకా ఉన్నారు.

మొదటి పది నిమిషాలూ నేను నిజమే చెప్పాను. ఒట్టు. "వానండి. గోదారండి. ఒకతను వెనక్కి తిరిగి నిలబడ్డాడండి. భుజమ్మీద తువ్వాలుందండి."

"మొహం ఎలా ఉంది? నవ్వుతున్నాడా?"

"వీపే కనిపిస్తోందండి ఇంకా."

"ఇంకా వీపేనా?"

"వీపేనండి."

మాటలు చాలా తక్కువ ఆ సినిమాలో. ఎవరైనా మాట్లాడినా గొణుగుతారు. అంతా నీళ్ల చప్పుడూ, వయొలినూ. కథేమిటంటే, తువ్వాలు మావయ్యకి ఒక చెల్లెలు. వరద రోజున ఆమె పడవలో వస్తుంటే ఇంజను ఆగిపోతుంది. పడవ కొట్టుకుపోతూ బ్రిడ్జి స్తంభం వైపు వెళ్తుంది. ఇతను గట్టు మీద నిలబడి తువ్వాలు తీస్తాడు. ఇన్నాళ్లూ ఎప్పుడు ఊపినా వచ్చిన గాలి ఆ రోజు రాదు. పడవ మునుగుతుంది. మిగతా సినిమా అంతా ఇతను ఎవరితోనూ మాట్లాడడు. రోజూ గట్టు మీదికి వెళ్లి ఊపుతాడు. ఆఖరికి కూడా గాలి రాదు. ఊపుతుండగానే అయిపోతుంది.

అతను తువ్వాలు తీసి ఊపాడు. నేను కుట్టిన తువ్వాలే అది. తెల్ల పట్టీ వానలో తడిసి వేలాడుతోంది. ఎర్రచార బనీను వీపుకి అతుక్కుపోయి ఉంది. ఏడుపొచ్చేసింది నాకు.

అప్పుడు మేష్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఊపాడా?"

"ఊపాడండి."

"ఏం ఎగిరింది?" అని అడిగారు.

ఆయన మొహం అలా నా వైపు ఎత్తి ఉంది. తెర వెలుగు పడుతోంది ఆ మొహం మీద. స్కూల్లో పిల్లాడు పిప్పరమెంటు కోసం చెయ్యి చాపినట్టుంది. ఏమీ ఎగరలేదండి అనాలి. నోరు తెరిచాను.

"పంతులుగారి పంచండి," అన్నాను.

ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఏడుపు మింగుతుంటే దాని బదులు వచ్చేసింది. మేష్టారు అబ్బా అని నవ్వారు. ఆ నవ్వు చూశాక ఇంక ఆపలేకపోయాను. తెర మీద ఆడవాళ్లు కేకలు పెడుతుంటే, "పంచె కోసం జనం పరిగెడుతున్నారండి," అన్నాను. వయొలిను గుండె కోసేస్తుంటే, "ఏంటమ్మాయ్ ఈ ఏడుపు మ్యూజిక్కు?" అన్నారాయన. "పంతులుగారు ఏడుస్తున్నారు కదండీ," అన్నాను. శవాన్ని ఒడ్డుకి తెచ్చి పడుకోబెడితే విగ్గు దొరికిందని చెప్పాను. ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అప్పుడు మాత్రం ఒకదాని వెనక ఒకటి అవే వచ్చేశాయి. ఇన్నాళ్లూ పుస్తకంలో చూసి చెప్పినవే అన్నీ.

లైట్లు వేశాక జనం మమ్మల్ని చూసిన చూపు మర్చిపోలేను. డైరెక్టరు అబ్బాయి దగ్గరికొచ్చాడు, మొహం పాలిపోయి. ఆ నవ్వు అతనూ విన్నాడు. వెక్కిరింపు అనుకున్నాడేమో పాపం.

మేష్టారు అతని చెయ్యి వెతికి పట్టుకున్నారు. "అద్భుతం నాయనా! నేను వేసిన గీత ఒక్కటి మార్చలేదు నువ్వు. ఏదీ కాయితం?"

అతను నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

సంతకం అక్కడే పెట్టేసేవారే. పిన్నిగారు అడ్డం పడ్డారు. "ఇవాళ అమావాస్యండి. అమావాస్యనాడు సంతకమేంటి, వద్దు. రేపు పొద్దున్నే తలంటుకుని పెట్టండి." మేష్టారు, "నీ తిథులూ నువ్వూను," అని విసుక్కున్నారు కానీ ఆవిడ మాట దాటరు. డైరెక్టరు అబ్బాయి కాయితం నా చేతికిచ్చి, "తొమ్మిదింటికి వచ్చి తీసుకుంటానక్కా," అన్నాడు. మెట్ల దగ్గర మళ్లీ ఆగి, గొంతు తగ్గించి, "ఆయనకి ఏం చెప్పారక్కా?" అన్నాడు.

"ఉన్నదే చెప్పానండి," అన్నాను. ఆ రోజు ఎన్ని అబద్ధాలో.

ఆటోలో వస్తున్నంతసేపూ మేష్టారు పిన్నిగారికి కథ చెబుతూనే ఉన్నారు. పిన్నిగారు హాల్లో ఆడవాళ్ల వరుసలో కూర్చుని సినిమా మొత్తం తన కళ్లతో చూశారు. అయినా నన్ను బయటపెట్టలేదు. పక్కకి తిరిగి రోడ్డు వైపు చూస్తూ, "ఊ... అలాగా... పంచె కూడానా," అంటూ వచ్చారు. దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా నొక్కి, పైకి వెళ్లిపోయారు. మంచిపని చేశావనో, ఎంత పని చేశావే అనో, ఆ నొక్కుడుకి అర్థం నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం ఒక బ్లౌజుకి చేతులు తారుమారుగా కుట్టాను. విప్పి మళ్లీ కుట్టాను, మళ్లీ తారుమారు. బుర్రలో ఒకటే గొడవ. చెప్పకపోతే? మేష్టారు సంతోషంగా ఉంటారు. కుర్రాళ్ల సినిమా బయటికి వస్తుంది. ఎవరికీ నష్టం లేదు. కానీ ఆయన ఒప్పుకున్నది ఆ అబ్బాయి సినిమాని కాదు, నేను నోటికొచ్చినట్టు చెప్పినదాన్ని. రేపు ఊళ్లో ఎవరో ఒకరు పైకొచ్చి, "మేష్టారూ, మీ సినిమా చూసి ఏడ్చేశామండి," అంటారు. అప్పుడు? మరి చెబితే? ఆయన సంతకం పెట్టరు. చెయ్యి పడిపోయేదాకా తువ్వాలు ఊపిన ఆ అబ్బాయి సినిమా పెట్టెలో ఉండిపోతుంది. పైగా అది మంచి సినిమా. నన్ను ఏడిపించింది. మేష్టారి కథేమో నన్ను నవ్వించింది. ఏది తువ్వాలు మావయ్య అని ఎవరైనా నన్నడిగితే నేనేం చెప్పగలను? ఎర్రచార తప్పని తెలిసీ ఉంచుకున్నాడు ఆ అబ్బాయి. నవ్వు ఒప్పని తెలిసీ తీసేశాడు. అతన్ని తప్పుపడదామంటే నేను చేసిందేమిటి? అతని సినిమాని అతనికి చెప్పకుండానే మార్చేశాను. ఎటు లాగినా కుట్టు ఊడిపోతోంది.

తెల్లవారి షట్టరు సగం ఎత్తి, మళ్లీ దించి, కాయితం తీసుకుని పైకెళ్లాను. మేష్టారు తలంటుకుని, ఉతికిన లాల్చీ వేసుకుని కూర్చున్నారు. పిన్నిగారు కాఫీ కలుపుతున్నారు. ఎనిమిదైంది.

"వచ్చావా? పెన్ను తెచ్చావా?" అన్నారాయన.

"మేష్టారూ, నిన్న నేను చెప్పింది సినిమా కాదండి," అన్నాను.

వంటింట్లో చెంచా చప్పుడు ఆగింది.

"మరి?"

"పంతులుగారు లేరండి అందులో. పంచె ఎగరలేదు. ఏమీ ఎగరలేదండి."

ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీలో కొంచెం సర్దుకుని, "అయితే ఉన్నదేంటో చెప్పు," అన్నారు.

నేల మీద కూర్చుని మొదటినుంచి చెప్పాను. వాన, గోదారి, వీపు. చెల్లెలు. ఇంజను ఆగడం. ఆయన ఊ కొడుతూ విన్నారు, పుస్తకం చదివినప్పుడు కొట్టినట్టే. తువ్వాలు ఊపాడండి, గాలి రాలేదండి అన్నాను. అక్కడ ఊ ఆగిపోయింది. నేను ఆపలేదు. పడవ మునగడం చెప్పాను, ఒడ్డున పడుకోబెట్టడం చెప్పాను. చిన్నప్పుడు గట్టు మీద ఆ అబ్బాయి తువ్వాలు ఊపడం కూడా చెప్పేశాను. అది సినిమాలో లేదు, అయినా చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను కాబట్టి ఎంత అర్థమైందో తెలియదు.

ఆయన లాల్చీ అంచు వేళ్లతో మడతపెట్టి, మళ్లీ విప్పారు.

"గాలి వస్తుందని నమ్మాడటే వాడు?" అన్నారు చివరికి.

"నమ్మాడటండి."

"నేను నవ్వులాటకి వేశాను." అరచేత్తో మోకాలు రుద్దుకున్నారు. "నిన్న నువ్వు చెప్పినదాంట్లో కొత్తదేం లేదనిపించింది నాకు. ఇదేమో నేను వెయ్యలేదు. నాకు రాదు కూడాను." నా చేతిలో కాయితం చప్పుడైన వైపు తిరిగి, "ఆ కాయితంలో ఏముంది? చదువు," అన్నారు.

చదివాను. తువ్వాలు మావయ్య అనే పాత్రని నేనే సృష్టించాను అని ఒక లైను. ఆ పాత్రని వాడుకోవడానికి నాకు సమ్మతమే అని ఒక లైను. ఈ చిత్రకథ నా బొమ్మల కథలో ఉన్నదున్నట్టు తీసినదే అని ఇంకో లైను.

"ఆ మూడోది కొట్టెయ్యి," అన్నారు మేష్టారు.

"కొట్టేస్తే వాళ్ల కంపెనీ ఒప్పుకుంటుందో లేదోనండి."

"అది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. అది అబద్ధం, నేను పెట్టలేను. మొదటి రెండూ నిజం, పెడతాను."

"అంతేనా? ఆ అబ్బాయితో ఏమీ అనరా?" అన్నారు పిన్నిగారు కాఫీ గ్లాసు ఆయన చేతికిస్తూ.

"అంటాను. తొమ్మిదింటికి వస్తాడుగా. ఆ పిల్లని అలా ముంచేశాడేంటని అడుగుతాను."

అది కోపంగా అన్నారో, మురిపెంగా అన్నారో నాకు తెలియలేదు. పిన్నిగారి మొహం చూశాను, అక్కడా తెలియలేదు. పెన్ను తీసుకుని, కాయితం గచ్చు మీద పెట్టి, మూడో లైను మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గీత కొట్టాను. గీత కొంచెం వంకరపోయింది. తర్వాత కాయితం ఆయన ఒళ్లో బైండు పుస్తకం మీద పెట్టి, ఆయన వేలు పట్టుకుని, కొట్టేసిన లైను మీంచి కిందికి జరిపి, సంతకం పెట్టాల్సిన చోట ఆనించాను.